నా ఛాతీ ఎత్తు కోళ్ళగూడు

మా అమ్మ వేప్పనపల్లి పక్క మా ఊరి నుంచి నాలుగు పెట్టల్నీ ఒక పుంజునీ గంపలో పెట్టి, పైన పాత చీర గుడ్డ కట్టి, రెండు బస్సులు మారి హోసూరులో మా ఇంటికి వచ్చిన రోజున నేను ఆమెను సరిగ్గా పలకరించను కూడా లేదు. చిన్నదానికి జ్వరం తగ్గి రెండు రోజులే అయింది, నా చంక దిగడం లేదు. పెద్దది హాలు గోడంతా క్రేయాన్లతో గీసి పెట్టింది. అమ్మ గంప దించి, కాళ్ళు కడుక్కొని, ఇంటెనకకు పోయి చూసి వచ్చింది. "ఇంత జాగా పెట్టుకోని ఊరికే గడ్డి పెంచుతా ఉండావు. కోళ్ళుంటే బిడ్డలకు గుడ్డన్నా దొరుకుతుంది," అనింది. ఊళ్ళో ఆవులకు పాలు పితకాలని సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. కోళ్ళు మిగిలినాయి.

నాకు కోళ్ళ మీద ప్రేమేమీ లేదు. ఇంకో ఐదు ప్రాణాలకు తిండి పెట్టి, అవి వేసింది ఎత్తిపోసే పని వచ్చి పడిందే అని మాత్రం అనుకొన్నాను.

మా ఇల్లు రాయకోట రోడ్డు పక్కన కొత్తగా వేసిన లేఅవుట్లో ఉంది. చుట్టూ సగం సైట్లు ఇంకా ఖాళీ. ముందరి మట్టిరోడ్డు మీద జల్లి రాళ్ళు వేసుకొని టిప్పర్లు పొద్దస్తమానం తిరుగుతాయి. అందుకని గేటుకు ఎప్పుడూ లోపలి పక్క తాళం వేసి ఉంచుతాను. తాళంచెవి బిడ్డలకు అందకుండా వంటింటి కిటికీ పైన మేకుకు తగిలిస్తాను. ఆ తాళం వేసేదీ నేనే, తీసేదీ నేనే. కానీ మా ఆయన షిఫ్టుకు పోయి వచ్చేటప్పుడు తప్ప తీయాల్సిన పని వారానికి రెండు మూడు సార్లకంటే రాదు. పాలు, కూరగాయలు అన్నీ గేటు మీద నుంచే అందిస్తారు.

పెద్దది పుట్టకముందు ఆరేండ్లు నేను బండ్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో పని చేసినాను. ఇన్‌స్పెక్షన్ సెక్షన్. మెషీను మీద నుంచి వచ్చిన ప్రతి ముక్కనూ వెర్నియర్‌తో కొలిచి, సరిపోతే ఒక ట్రేలో, సరిపోకుంటే ఇంకో ట్రేలో పెట్టాలి. వెంట్రుకలో సగం తేడా ఉన్నా నా చేతికి తెలిసిపోయేది. పెద్దది పుట్టినాక దాన్ని ఒక క్రెష్‌లో వేసి ఆరు నెలలు ప్రయత్నం చేసినాను. వారం పోతే వారం జ్వరం. మా అత్త నా పెళ్ళికి ముందే పోయింది, మా అమ్మకు ఊళ్ళో చేను, ఆవులు. మానేయమని నాకు ఎవరూ చెప్పలేదు. నేనే మానేసినాను. దాంతో వచ్చిన చిక్కేమంటే, తర్వాత కోపం వచ్చినప్పుడు దాన్ని ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు. మా ఆయన మంచివాడు. బిడ్డలు బిడ్డలే. పొద్దున లేచింది మొదలు రాత్రి కన్ను మూసేదాకా ఎవరో ఒకరు నన్ను పట్టుకొనే ఉంటారు, చీర కొంగో, చెయ్యో, జుట్టో. నాకు ఊపిరి ఆడటం లేదని చెప్తే, ఎవరు నీ గొంతు నొక్కింది అని అడుగుతారు. అందుకని చెప్పేదాన్ని కాదు.

కోళ్ళు వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం, వెనక కాంపౌండు గోడ కట్టకుండా వదిలేసిన సందులో నుంచి కుక్క దూరి ఒక పెట్టను ఎత్తుకుపోయింది. నేను లోపల చిన్నదానికి అన్నం పెడుతున్నాను. అరుపు విని పరుగెత్తేసరికి ఈకలే మిగిలినాయి. పెద్దది ఆ ఈకల్ని ఏరి నా చేతికిచ్చి, మళ్ళీ అతికించమని అడిగింది. ఆ సాయంత్రం మా ఆయన గోడ సందుకు రేకు అడ్డం పెట్టినాడు, తెలిసిన వడ్రంగికి ఫోన్ చేసినాడు. వడ్రంగి రేపు వచ్చి కొలతలు తీసుకుంటానన్నాడు. ఆ రేపు అలాగే మూడు వారాలు సాగింది. అంతవరకూ కోళ్ళను రాత్రిపూట బయటి బాత్రూంలో వేసి తలుపు మూసేవాళ్ళం. పొద్దున్నే దాన్ని కడిగే పని నాది.

ఒకరోజు పొద్దున ఆ బాత్రూం కడుగుతున్నాను. చిన్నది గడప దగ్గర నిలబడి ఎత్తుకోమని ఏడుస్తోంది. పెద్దది టాయిలెట్ వస్తోందని తొక్కులాడుతోంది. పుంజు షవర్ పైపు మీద ఎక్కి కూర్చొని దిగడం లేదు. చీపురు కింద పెట్టి, ఇక వడ్రంగి వద్దు, నేనే కడతాను అనుకొన్నాను.

మా ఆయనకు చెప్తే, నీకెందుకు, ఇంకో వారం చూద్దాం అన్నాడు. నేను, మీ ఫ్యాక్టరీ పక్క పాత సామాన్ల అంగట్లో ప్యాకింగ్ కట్టెలు దొరుకుతాయి కదా, ఆరు ప్యాలెట్లు తెమ్మని అడిగినాను. మెషీన్లు దిగుమతి అయ్యేటప్పుడు కింద వేసుకొని వచ్చే కట్టె చట్రాలవి. పైన్ కట్టె, తేలిగ్గా ఉంటుంది, మంచి వాసన. శనివారం ఆటోలో వేసుకొని తెచ్చినాడు. పక్కింటివాళ్ళు కారు షెడ్డుకు వేసి మిగిల్చిన జింకు రేకు గోడకు ఆనించి ఉంటే, అడిగి తీసుకొన్నాను. మెష్, అదే ఇనుప జాలీ, మాత్రం బజార్లో కొనుక్కొని వచ్చినాడు. కన్ను అర అంగుళం దాటకూడదని నేనే రాసిచ్చినాను. పందికొక్కు కాదు కదా, ఎలుక పిల్ల కూడా దూరకూడదు.

పెద్దది గీసి పారేసిన కాగితం వెనక గూడు బొమ్మ వేసినాను. పొడుగు, వెడల్పు, ఎత్తు. ఎత్తు దగ్గర చాలాసేపు ఆలోచించినాను. ఊళ్ళో గూళ్ళు మోకాలెత్తు ఉంటాయి, శుభ్రం చేయాలంటే నేల మీద పడుకొని చెయ్యి పెట్టాలి. నేను లోపలికి దూరి, గొంతుక్కూర్చొని ఊడ్చుకొనేట్టు నా ఛాతీ ఎత్తు పెట్టినాను. ముందు పక్క ఎక్కువ, వెనక తక్కువ, వాన నీళ్ళు జారిపోయేట్టు. అంకెలు కూడుతూ తీసివేస్తూ కూర్చుంటే అన్నం పొంగి పొయ్యి మీద పడింది. చాలా రోజుల తర్వాత నేను ఒక పనిలో పడి ఇంకో పని మరిచిపోయినాను.

కష్టమంతా సమయంతోనే వచ్చింది. చిన్నది మధ్యాహ్నం గంటన్నర పండుకొంటుంది. అప్పుడు నాకు చేతులు ఖాళీ, కానీ సుత్తి పట్టుకుంటే అది లేస్తుంది. అది మేలుకొని ఉంటే సుత్తి కొట్టొచ్చు, కానీ చేతులు ఖాళీగా ఉండవు, చుట్టూ మేకులు, రంపం. మా ఆయనకు నైట్ షిఫ్టు వారమైతే పగలంతా ఆయన నిద్ర, ఇంట్లో గిన్నె పడినా ఉలిక్కిపడతాడు. అందుకని పనిని రెండుగా చేసుకొన్నాను. చప్పుడు లేని పనులు చిన్నది పండుకొన్నప్పుడు. మెష్ కత్తిరించడం, బైండింగ్ వైరు మెలిపెట్టడం, గడ్డపారతో గుంతలు తవ్వడం. చప్పుడు పనులకు మాత్రం వేళ దొరకలేదు.

ఆ చట్రాలు విడగొట్టి పలకలు తీయడానికే పది రోజులు పట్టింది. వాటికి కొట్టిన మేకులు మామూలువి కావు, స్క్రూల మాదిరి మెలికలు తిరిగి ఉంటాయి. ఒక్కోదాన్ని కింద నుంచి సుత్తితో కొట్టి, తల పైకి వచ్చినాక కటింగ్ ప్లేయర్‌తో లాగాలి. నాలుగు దెబ్బలు కొడితే పెద్దది పిలిచేది. ఇంకో నాలుగు కొడితే చిన్నది వచ్చి మేకుల డబ్బాలో చెయ్యి పెట్టేది. ఒకరోజు లెక్క చూస్తే పొద్దున నుంచి సాయంత్రానికి మూడు మేకులు ఊడినాయి. ఆ రోజు సుత్తిని గడ్డిలోకి విసిరేసినాను. పెద్దది పోయి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అమ్మకు కోపం వచ్చింది అని చెల్లెలికి చెప్పింది, వాన వచ్చింది అన్నట్టుగా.

నాలుగు మూలలా కట్టెలు పాతి, చుట్టూ చట్రం కొట్టి, మూడు పక్కల మెష్ బిగించినాక ఒక ఉపాయం తోచింది. చిన్నదాన్ని ఆ చట్రం లోపల దుప్పటి పరిచి కూర్చోబెట్టి, రెండు గిన్నెలు, ఒక గరిటె ఇచ్చి, నాలుగో పక్క రేకు అడ్డం పెట్టినాను. అది లోపల, మేకులు బయట. మొదట గిన్నెలు వాయించింది. తర్వాత లేచి మెష్ పట్టుకొని నిలబడి నన్ను చూసింది. ఏడవలేదు. నేను తలుపు చట్రం మొత్తం ఒక్క ఊపులో కొట్టేసినాను. ఇరవై నిమిషాలు నన్ను ఎవరూ ముట్టుకోలేదు.

పక్కింట్లో ఒక పెద్దామె ఉంటుంది. అరవం మాట్లాడుతుంది, మాతో మాట్లాడేటప్పుడు సగం తెలుగు కలుపుతుంది. మిద్దె మీద మిరపకాయలు ఎండేస్తూ కిందికి చూసి, "ఏమ్మా, కోళ్ళకని చెప్పి బిడ్డనే గూట్లో పెట్టేస్తివే," అని నవ్వింది. తప్పుగా అనలేదు. నేను కూడా నవ్వినాను. తలెత్తి చూస్తే చిన్నది మెష్ కన్నుల్లో వేలు పెట్టి నా వైపే చూస్తోంది, దాని బుగ్గ మీద మెష్ గళ్ళు ఎర్రగా అచ్చు పడి ఉన్నాయి. ఎత్తుకొని లోపలికి పోయినాను. రెండు రోజులు సుత్తి పట్టుకోలేదు. మూడో రోజు మళ్ళీ దాన్ని అందులోనే కూర్చోబెట్టి పైకప్పు పని మొదలుపెట్టినాను. వేరే దారి దొరకలేదు.

గూడు పూర్తి కావడానికి నెల దాటింది. మెష్‌ను నేల కింద జానెడు లోతు దాకా పాతిపెట్టినాను. రేకుకు రబ్బరు బిళ్ళలు వేసి మేకులు కొట్టినాను. కోళ్ళు ఎక్కి కూర్చోవడానికి నీలగిరి కట్టె ఒకటి అడ్డంగా బిగించినాను. గుడ్లు పెట్టడానికి పగిలిన బకెట్లో రాగి గడ్డి వేసినాను. తలుపుకు బయట ఇనుప గడియ. టేపు పెట్టి కొలిచి చూస్తే ఒక మూల అర అంగుళం వాలింది. ఫ్యాక్టరీలో అయితే రిజెక్టు ట్రేలో పడేది. మా ఆయన చుట్టూ తిరిగి చూసి, వడ్రంగి కూడా ఇంత గట్టిగా కొట్టడు అన్నాడు. ఆ మాటకు నేను రెండు రోజులు సంతోషంగా ఉన్నాను. మూడో రోజుకు పని లేకపోవడం తెలిసివచ్చింది. గూడు అయిపోయింది, నేను మళ్ళీ ఇంట్లోకి వచ్చినాను. కోళ్ళకు నీళ్ళు, కోళ్ళకు మేత, బిడ్డలకు నీళ్ళు, బిడ్డలకు అన్నం.

పెద్దదానికి ఒక్కటే నేర్పినాను. గూటి తలుపు ఎప్పుడూ తెరిచి పెట్టకూడదు, తెరిచి ఉంటే కుక్క వచ్చేస్తుంది. అది బాగా పట్టుకుంది. నేను గుడ్లు తీసుకొని బయటికి రాగానే మునివేళ్ళ మీద నిలబడి రెండు చేతులతో గడియ తోసేది. తోసి, నా ముఖం చూసేది, మెచ్చుకోవాలని.

వానలు పడినాయి. తలుపు కట్టె ఉబ్బి గడియ బిగుసుకుపోయింది. తోస్తే పోతుంది గానీ వెనక్కి లాగాలంటే నాకే రెండు చేతులు కావాలి. నూనె వేయాలని రోజూ అనుకొనేదాన్ని.

ఆ వానల్లో ఒక రోజు మా ఆయనకు మొదటి షిఫ్టు, తెల్లారేసరికే పోయినాడు. పొద్దున ట్యాంకర్ వచ్చి వెనక సిమెంటు తొట్టి అంచు దాకా నింపిపోయింది. పది గంటలప్పుడు నేను గూట్లోకి దూరి, మోకాళ్ళ మీద కూర్చొని, కింద పరిచిన వరి పొట్టు తడిసిందని చేటలోకి ఎత్తుతున్నాను. పెద్దది తలుపు దగ్గర, చిన్నది తొట్టి పక్క బట్టలుతికే బండ దగ్గర చెంబుతో ఆడుకుంటోంది. నా వెనక గూటి తలుపు మూసిన చప్పుడు, తర్వాత గడియ తోసిన చప్పుడు వినిపించింది. పెద్దది నా ముఖం చూస్తూ నిలబడింది.

గడియ తీయమ్మా అన్నాను. అది పట్టుకొని లాగింది. రాలేదు. వేలాడింది. రాలేదు. మెష్‌లో నుంచి వేలు పెడదామని చూసినాను. అర అంగుళం కన్ను. నా చిటికెన వేలు మొదటి కణుపు దాకా కూడా పోలేదు. రాయి తెచ్చి కొట్టమన్నాను. తెచ్చింది, రెండు దెబ్బలు కొట్టింది, మూడో దెబ్బ దాని వేలి మీదే పడింది. చెయ్యి నోట్లో పెట్టుకొని ఏడుపు మొదలుపెట్టింది. ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉంది. పక్కింటామెను గట్టిగా పిలిచినాను, నాలుగైదు సార్లు. తర్వాత గుర్తొచ్చింది, ఆమె ముందు రోజే బంధువుల పెళ్ళికని బర్గూరు పోయింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఎవరన్నా విన్నా, గేటుకు తాళం.

అప్పుడు చిన్నది తొట్టి దగ్గరికి నడిచింది. చెంబు అంచు మీద పెట్టి, ఒక కాలు బండ మీదికి ఎత్తింది. బండ ఎక్కితే తొట్టి దాని నడుము ఎత్తు కూడా రాదు.

అరిస్తే అది నవ్వి ఇంకా పైకి ఎక్కుతుంది, దాని సంగతి నాకు తెలుసు. గొంతు తగ్గించుకొని పెద్దదానితో, "ఏడవద్దు తల్లీ. పోయి చెల్లి చెయ్యి పట్టుకోని ఈడికి పిలుచుకోని రా. అమ్మ కోడిని చూపిస్తుందని చెప్పు," అన్నాను.

అది పోయింది. చెయ్యి పట్టుకొని లాగింది. చిన్నది విదిలించుకుంది. రెండుసార్లు. నేను పక్కనున్న పెట్టను పట్టుకొని రెక్కలు ఎత్తి అల్లాడించినాను. పెట్ట గొంతు చించుకొని అరిచింది. చిన్నది తిరిగి చూసింది. బండ మీద నుంచి కాలు దించి, గునగునా నడుచుకొంటూ వచ్చి మెష్‌కు ముఖం ఆనించింది. నేను పెట్టను ఒళ్ళో పెట్టుకొని నేలకు చతికిలబడినాను.

దాన్ని అక్కడే ఉంచాలి. మేత గిన్నెలో రాగులు ఉన్నాయి. ఒక్కొక్క గింజను మెష్ కన్నులో నుంచి బయటికి తోసినాను. అది నేల మీద పడిన గింజను రెండు వేళ్ళతో ఏరి తన గౌను ఒళ్ళో వేసుకుంది. ఇంకోటి. ఇంకోటి. పెద్దది కూడా ఏడుపు ఆపి పక్కన కూర్చుంది. నేను తోస్తున్నాను, వాళ్ళు ఏరుకుంటున్నారు. కాసేపటికి ఇద్దరూ ఆ ఆటలో మునిగిపోయినారు.

అప్పుడు నేను బయటికి వచ్చే దారి చూడాలి. రేకును కాళ్ళతో తన్నితే మేకులు లేస్తాయని నాకు తెలుసు. వెనక పక్క ఎత్తు తక్కువ, వెల్లకిలా పడుకుంటే కాళ్ళు అందుతాయి. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. కానీ నేను తన్నలేదు.

ఈ సంగతి రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించినాను. నేను గూటి మూల కట్టెకు వీపు ఆనించి కూర్చొన్నాను. పైన రేకు మీద ఎండ చిటపటమంటోంది. కోళ్ళు గొణుక్కుంటున్నాయి. బిడ్డలు నాకు జానెడు దూరంలో ఉన్నారు, ఇద్దరూ కనపడుతున్నారు, ఇద్దరూ క్షేమం. వాళ్ళు నన్ను ముట్టుకోలేరు. నన్ను లేవమని ఎవరూ అడగలేరు, అడిగినా నేను లేవలేను. అందులో నా తప్పు లేదు. గూట్లో కోడి పెంట కంపు, నా చీరంతా తడి పొట్టు. అయినా నేను అట్లాగే కళ్ళు మూసుకొన్నాను, మధ్యమధ్య ఒక కన్ను తెరిచి రెండు తలలూ లెక్కపెట్టుకొంటూ. ఎంతసేపో తెలియదు. గిన్నెలో రాగులు సగానికి వచ్చినాయి.

పెద్దది మెష్‌కు నోరు ఆనించి, "అమ్మా, నువ్వు దినామూ ఈడ్నే కూర్చో. ఈడుంటే నువ్వు అరవవు," అనింది.

ఆ మాట తర్వాత కూర్చోలేకపోయినాను. ఇద్దర్నీ దూరంగా జామచెట్టు దగ్గరికి పొమ్మని, పెద్దదాన్ని చెల్లెలి గౌను పట్టుకొని వదలొద్దని చెప్పి, వెల్లకిలా పడుకొని రెండు కాళ్ళూ రేకుకు ఆనించి తన్నినాను. గట్టిగా కొట్టినాను కదా, ఒక్క మేకూ కదల్లేదు. పది తన్నులకు ఒక మూల లేచింది. ఆ మూలను పట్టుకొని తన్నుతూ పోతే మెల్లగా ఒక పక్కంతా విడింది. మోకాలి కింద రేకు కోసుకొని రక్తం కారింది. బయటికి పడేసరికి కోళ్ళు నా కంటే ముందు ఎగిరి గోడెక్కినాయి. పోయి చిన్నదాన్ని ఎత్తుకొన్నాను, తొట్టి మీద పలక అడ్డం వేసినాను. పెద్దది గోడవార నిలబడి ఉంది, దగ్గరికి రాలేదు. కుక్క వస్తుందని నువ్వే చెప్పినావు కదా అని నసుగుతోంది. మంచి పని చేసినావు అన్నాను. అప్పుడు గానీ రాలేదు.

మధ్యాహ్నం మూడున్నరకు మా ఆయన వచ్చినాడు. లేచిపోయిన రేకు చూసి గాలికి పోయిందా అని అడిగినాడు. జరిగింది చెప్తే మొదట నవ్వినాడు, కోడి రెక్కలు అల్లాడించినానని చెప్పినప్పుడు ఇంకా ఎక్కువ నవ్వినాడు. తొట్టి సంగతి వినేసరికి నవ్వు ఆపి, గడియకు నూనె వేసి, రేకు సరిచేయడానికి సుత్తి తీసుకొన్నాడు. నేను పక్కన నిలబడి మేకులు అందిస్తున్నాను. బిడ్డలు లోపల టీవీ చూస్తున్నారు.

రెండు మేకులు కొట్టినాక అన్నాను. "వాళ్ళిద్దరూ క్షేమంగా కూర్చున్నాక కూడా నేను వెంటనే బయటికి రాలేదు."

కాలు అందలేదా అన్నాడు.

"అందింది. రావాలనిపించలేదు."

ఆయన సుత్తి దించినాడు. నా వైపు చూడలేదు, రేకు వైపే చూస్తున్నాడు. నేను ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆయనకు సులువుగా ఉండేదేమో, ఓదార్చి వదిలేసేవాడు. "నన్నేం చేయమంటావు చెప్పు," అన్నాడు. పోట్లాటకు అడిగిన మాట కాదు, నిజంగానే అడిగినాడు. ఇన్నేండ్లలో నేను ఆ ప్రశ్నకు జవాబు తయారు చేసి పెట్టుకోలేదని అప్పుడు తెలిసింది.

"వారానికి ఒక పూట," అన్నాను. "నీ ఆఫ్ రోజు. పొద్దున పూట నేను ఇంట్లో ఉండను."

"యాడికి పోతావు?"

తెలియదన్నాను. ఆయన ఇంకో మేకు అడిగినాడు. సరే అనలేదు, కాదనలేదు. కానీ ఆ వారం ఆఫ్ రోజు పొద్దున, నేను అడగకుండానే, గేటు తాళంచెవి మేకు మీద నుంచి తీసి నా ముందర పెట్టినాడు.

మొదటిసారి షేర్ ఆటోలో బస్టాండుకు పోయి, ఎదురుగా ఏ బస్సుంటే దానికి ఎక్కినాను. కృష్ణగిరి బస్సు. కిటికీ పక్క సీటు. నా ఒళ్ళో ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, హ్యాండ్‌బ్యాగును బిడ్డను పట్టుకొన్నట్టు పట్టుకొన్నాను. సూలగిరి కొండ కనపడేటప్పటికి వెనక సీట్లో ఎవరిదో పసిబిడ్డ ఏడ్చింది. చిన్నది ఇంకా నా దగ్గర పాలు తాగుతోంది. ఆ ఏడుపు వినగానే నా జాకెట్టు తడిసిపోయింది. కొంగు కప్పుకొని సూలగిరిలో దిగి, రోడ్డు దాటి, హోసూరు బస్సు ఎక్కి వెనక్కి వచ్చేసినాను. గేటు దగ్గర మా ఆయన చిన్నదాన్ని భుజాన వేసుకొని, కమ్మీలు పట్టుకొని రోడ్డు వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. ఆయన చొక్కా మీద అన్నం మెతుకులు. ఇంతసేపా అన్నాడు. రెండు గంటలు కూడా కాలేదు. నేను బిడ్డను తీసుకొన్నాను.

తర్వాతి వారం వానని చెప్పి పోలేదు. ఆ పై వారం ఆయనకు ఓవర్‌టైము పడింది. నాలుగో వారం పోయినాను, ఈసారి కృష్ణగిరి దాకా. బస్టాండు పక్క హోటల్లో దోసె తెప్పించుకొని, అది వేడిగా ఉండగానే, పూర్తిగా, నేనొక్కదాన్నే తిన్నాను. తర్వాత కాఫీ. బయట మామిడికాయల బండ్లు, కాలేజీ పిల్లలు, ధర్మపురి బస్సుల కేకలు. ఒక ఫ్యాక్టరీ బస్సు వచ్చి ఆగితే, మెళ్ళో ఐడీ కార్డులు వేసుకొన్న ఆడపిల్లలు దిగి నవ్వుకొంటూ పోయినారు. వాళ్ళు కనుమరుగయ్యేదాకా చూసినాను. టేబులు తుడిచే ఆయన వచ్చి ఇంకేమన్నా కావాలామ్మా అని రెండోసారి అడిగినాక లేచినాను.

ఇప్పుడు పెద్దది స్కూలుకు పోతోంది. పొద్దున వ్యాను వచ్చినప్పుడు గేటు తెరుస్తాను, మధ్యాహ్నం మళ్ళీ తెరుస్తాను. చిన్నది పాలు మానేసింది, మాటలు వస్తున్నాయి, నేను చంకనెత్తుకోకపోతే నా కాలి మీద ఎక్కి నిలబడుతుంది. కోళ్ళు మూడు పెట్టలు ఏడైనాయి. గుడ్లు మేం తినేవి పోగా పక్కింటామెకు ఇస్తాను, ఆమె బదులుగా మిరపకాయలు ఇస్తుంది. నాతో పని చేసిన ఒకామె ఫోన్ చేసి సెక్షన్లో మనిషి కావాలంట, వస్తావా అని అడిగింది. ఇంకా ఏడాదిన్నర ఆగాలి అన్నాను, చిన్నది కూడా స్కూల్లో పడేదాకా. అన్ని రోజులు వాళ్ళు ఆగరని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం కాసేపు మేనేజర్ సంగతి మాట్లాడుకొని ఫోన్ పెట్టేసినాం. చిన్నది నా చీర కుచ్చిళ్ళు లాగుతోంది. దానికి ఆకలి.